ఎడమ పక్కన మనిషి

హెవీ లైసెన్సు కొత్తగా చేతికొచ్చిన కుర్రాళ్లు ఇప్పటికీ అప్పుడప్పుడు నా దగ్గరికి వస్తుంటారు. "గాయన దగ్గర ఒక పూట కూసోని రా, బండి ఎట్ల నడపాలెనో చెప్తడు" అని ఎవరో ఒకరు పంపిస్తారు. వచ్చినవాళ్లకు చాయ్ తాగించి ముందుగా ఈ సంగతే చెబుతాను. ఇది విన్నాక కొందరు మళ్లీ రారు. ఉస్తాద్ అంటే ఏవో కిటుకులు చెబుతాడనుకుని వస్తారు, నేనేమో తలదించుకునే కథ మొదలుపెడతాను. మీరు చదువుతున్నారు కాబట్టి మధ్యలో లేచిపోవడం మీకు ఇంకా సులువు. అయినా చెబుతాను.

నేను నీళ్ల ట్యాంకర్ డ్రైవర్ని. అంతకుముందు ఇసుక లారీ, సిమెంటు లారీ నడిపాను కానీ, ఉద్యోగమని చెప్పుకోదగ్గది ట్యాంకర్‌తోనే గడిచింది. మా యార్డు నాంపల్లి స్టేషన్ వెనక ఉండేది. ఆబిడ్స్, గన్‌ఫౌండ్రీ చుట్టుపక్కల హోటళ్లకు, లాడ్జీలకు నీళ్లు పోసేవాళ్లం. ఎండాకాలం వస్తే డ్రైవర్ జేబులో ఫోన్ మోగుతూనే ఉంటుంది. "గెస్టులు కొట్లాడుతున్నరు, ఏడున్నవే?" అని లాడ్జీ మేనేజర్ అరుస్తుంటాడు. మిగతా లారీలను పగలు రానివ్వని రోడ్ల మీద కూడా మా బండ్లు తిరిగేవి. నీళ్ల బండిని ఎవరూ ఆపరు. ఆపరన్న ధీమా మా అందరి చేతుల్లోకీ, కాళ్లలోకీ దిగిపోయింది.

కొత్త డ్రైవర్లకు నేర్పే పని నాది. యార్డు ఓనరు సేఠ్ నాకు జీతం పెంచకపోయినా ఉస్తాద్ అనే పేరు మాత్రం ధారాళంగా ఇచ్చాడు. నేను నడిపినన్నాళ్లూ ఒక్క యాక్సిడెంటు చేయలేదు. ఆ మాట వినబడితే నా మీసం దానంతటదే పైకి లేచేది. నేను నేర్పినవాళ్లు కూడా గోడకు తగిలి బండికి గీత పడనివ్వకుండా నడిపేవాళ్లు. మా బండ్లు తిరిగేవి ఇరుకు గల్లీలు కదా, గీత పడితే సేఠ్ ఊరుకోడు. అందుకని ఎడమ పక్క అద్దాన్ని కిందికి వంచి, వెనక చక్రమూ రోడ్డు పక్క మోరీ కాలువ అంచూ కనబడేలా పెట్టుకోమనేవాణ్ని. "కుడి అద్దం బండ్ల కోసం, ఎడమ అద్దం గోడల కోసం" అని పాఠం చెప్పేవాణ్ని. "హారన్ కొట్టు, చిన్న బండ్లు వాటంతట అవే తప్పుకుంటయ్" అనేది ఇంకో పాఠం. ఎడమ వైపు నుంచి సైకిలోడు దూరితే ఎట్లా అని ఎవరైనా అడిగితే, "కనవడనోనికి మనం జిమ్మేదార్ కాదు" అనేవాణ్ని, కంటికి ఆననివాడి బాధ్యత మనది కాదని. అందరూ నవ్వేవాళ్లు. నేనూ నవ్వేవాణ్ని.

పాతకాలంలో ప్రతి లారీకీ ఎడమ సీటులో క్లీనర్ ఉండేవాడు. తల బయటపెట్టి చూసి, డోరు మీద చెయ్యి కొట్టి "రైట్, రైట్, ఆగు" అనేవాడు. సేఠ్‌లు ఖర్చు తగ్గించుకోవడానికి క్లీనర్లను తీసేశారు. ఆ సీటు ఖాళీ అయింది. ఆ కళ్ల పని ఇప్పుడు ఎవరు చెయ్యాలి అని మేమెవరం ఆలోచించలేదు. టిఫిన్ డబ్బా, తువ్వాలు పెట్టుకోవడానికి మంచి జాగా దొరికిందనుకున్నాం.

రిటైర్ కావడానికి ఇంకొంచెం కాలం ఉందనగా నా ఎడమ మోకాలు మొరాయించింది. క్లచ్ తొక్కితే ప్రాణం పోయేది. కొన్నాళ్లు క్లచ్ ముట్టుకోవద్దని, వీలైతే రోజూ సైకిల్ తొక్కమని దవాఖానలో డాక్టరమ్మ చెప్పింది. సేఠ్ నన్ను బండి దింపి, ఏ లాడ్జీకి నీళ్లు అందాయో లేదో చూసుకునే పని ఇచ్చాడు. ఆ పని మీద నేను సైకిలెక్కాను. యార్డులో ఆ రోజు పండగే. డ్రైవర్లంతా వరసగా నిలబడి సెల్యూట్ కొట్టారు. "ఉస్తాద్, హారన్ ఉన్నదా?" అని ఒకడు బెల్లు మోగించి చూశాడు.

ఆ నవ్వు నాంపల్లి రోడ్డెక్కేదాకానే. ఫుట్‌పాత్ మీద దుకాణాల సామాను ఉంటుంది కాబట్టి నడిచేవాళ్లు రోడ్డు మీదే నడుస్తారు. వాళ్ల పక్కన మిగిలిన జాగాలో సైకిల్. సైకిల్‌కు ఆనుకుని పెద్ద బండ్లు. మొదటి రోజే నా వెనక ఒక హారన్ మోగింది. బండిలో కూర్చుని కొట్టినప్పుడు అదొక చప్పుడు మాత్రమే. సైకిల్ మీద ఉన్నవాడికి అది వీపు మీద దెబ్బ. చేతులు బిగుసుకుపోయాయి, హ్యాండిల్ వణికింది, పక్కన నడుస్తున్న ఒకావిడకు తగలబోయి ఎలాగో నిలదొక్కుకున్నాను. వెనక బండి గాలి విసురుతూ నన్ను దాటి ముందుకు వెళ్లింది. అది మా ట్యాంకరే. డ్రైవర్ నన్ను గుర్తుపట్టి, ఆటపట్టించిన సంతోషంతో చెయ్యి ఊపాడు.

యార్డుకు వెళ్లాక నా కాళ్లు వణుకుతుంటే "మోకాలు నొప్పి" అన్నాను. భయమేసిందని ఎలా చెప్పను? నేనే ఉస్తాద్‌ని.

నా వణుకును కనిపెట్టింది మా చాయ్ ఆయన ఒక్కడే. నా ఈడువాడు, మహబూబ్‌నగర్ దిక్కు నుంచి వచ్చి ఇక్కడే స్థిరపడ్డాడు. సైకిల్ క్యారియర్‌కు స్టీలు క్యాను కట్టుకుని, ఆబిడ్స్‌లో బ్యాంకుల ముందు వాచ్‌మన్లకు, దుకాణాల వాళ్లకు, మా యార్డుకు చాయ్ తెచ్చేవాడు. వస్తూనే ఏదో ఒక ఎకసెక్కం ఆడనిదే కప్పు చేతికివ్వడు.

"ఏంది ఉస్తాద్, మా సైకిలోళ్ల బిరాదరిల కలిసిన్రంట?"

"కలిసిన గనీ, మీరెట్ల బతుకుతున్నరయ్యా గా రోడ్డు మీద?"

"బతుకుతున్నమా? మీరు బతకనిస్తున్నరు" అని నవ్వాడు. నేనూ నవ్వాను. అప్పటికి అది నాకు జోకే.

ఇక్కడ ఒక మాట ఒప్పుకోవాలి. సైకిల్ తొక్కినన్నాళ్లూ నాకు భయమైతే వేసింది కానీ బుద్ధి రాలేదు. ఈ సైకిల్ వాళ్లు, నడిచేవాళ్లు ఇంకాస్త జాగ్రత్తగా ఉండాలి అని మాత్రమే అనుకున్నాను. డ్రైవర్లకు ఒక్క ముక్క కొత్తగా చెప్పలేదు. చెప్పి ఉంటే ఈ కథ ఉండేది కాదు.

ఆ రోజు గన్‌ఫౌండ్రీ దగ్గర ఒక లాడ్జీ నుంచి ఫిర్యాదు వస్తే చూసి, ఆబిడ్స్ వైపు వస్తున్నాను. ఎండ మండుతోంది. దారిలో చాయ్ ఆయన కలిశాడు. ఇద్దరం సిగ్నల్ దగ్గర ఆగాం. ఆయన కాస్త ముందు, నేను ఆయన వెనక. మా కుడి పక్కన మా యార్డు ట్యాంకర్ వచ్చి ఆగింది. నడిపేవాడు నా శిష్యుల్లో అందరికంటే బాగా నేర్చుకున్నవాడు. ముప్పై దాటిన మనిషి, పెళ్లాం, ఇద్దరు ఆడపిల్లలు. తాగడు, ఫోన్ మాట్లాడుతూ నడపడు. నేను చెప్పింది చెప్పినట్టు చేసేవాడు. వాడి బండికి ఒక్క గీత ఉండేది కాదు. అది చూసుకుని నేను మురిసిపోయేవాణ్ని.

పచ్చలైటు పడింది. ట్యాంకర్ కుడికి జరిగింది.

పొడుగు బండి ఎడమ గల్లీలోకి తిరగాలంటే ముందు కాస్త కుడికి జరగాలి. అలా జరిగితేనే వెనక చక్రాలు మూల మీదికి ఎక్కకుండా తిరుగుతాయి. కానీ పక్కనున్నవాడికి బండి కుడికి పోతున్నట్టు ఉంటుంది. ఎడమ పక్క దారి తెరుచుకున్నట్టు కనబడుతుంది. చాయ్ ఆయన ఆ ఖాళీలోకి సైకిల్ పోనిచ్చాడు. ఎవరైనా పోనిస్తారు. ఆ ఖాళీ మూసుకుపోతుందని అక్కడున్నవాళ్లలో తెలిసినవాణ్ని నేనొక్కణ్నే. ఆ మలుపు నేర్పిందే నేను.

"ఆగు!" అని అరిచాను. అదే క్షణంలో మావాడు హారన్ నొక్కాడు, తిరిగేముందు గట్టిగా, ఆపకుండా కొట్టాలి అన్న నా పాఠం ప్రకారం. నా అరుపు అందులో కలిసిపోయింది. సైకిల్ పడేసి, కుంటుకుంటూ పరుగెత్తి ట్యాంకు మీద రెండు చేతులతో బాదాను. నిండుగా ఉన్న ట్యాంకు చప్పుడు చేయదు. నా అరచేతులు కమిలిపోయాయి కానీ లోపల కూర్చున్నవాడికి ఏమీ వినిపించలేదు. చివరికి డ్యూటీలో ఉన్న హోంగార్డమ్మ బండికి అడ్డంగా వచ్చి నిలబడి చేతులెత్తింది. అప్పుడు ఆగింది.

అప్పటికే వెనక చక్రం సైకిల్ మీదికీ, ఆయన కుడి పాదం మీదికీ ఎక్కి ఉంది. చాయ్ రోడ్డంతా పారుతోంది. ఆయన కేకలు కూడా పెట్టలేదు. నా వైపు చూసి, "ఉస్తాద్, జర ఎనకకు తీయమను" అన్నాడు. చాయ్ కప్పు అందిస్తూ మాట్లాడినంత మెల్లగా.

మావాడు తలుపు తోసుకుని దిగుతూనే అరిచాడు. "కండ్లు కనవడ్తలేవా? ఎడమ దిక్కు నుంచి దూరుతరా ఎవలన్న?" ఆ మాట, ఆ గొంతు విసురు, ఆ చెయ్యి ఊపడం అన్నీ నావే. అద్దంలో నన్ను నేను చూసుకున్నట్టు ఉంది. తర్వాత కిందున్న మనిషిని గుర్తుపట్టాడు, ఆయన తల దగ్గర కూర్చున్న నన్ను చూశాడు.

"ఉస్తాద్... మన చాయ్ ఆయననా?"

"ముందు బండి ఎనకకు తియ్యి" అన్నాను. "మెల్లగ. నేను చెప్తా ఉంట."

అఫ్జల్‌గంజ్ దగ్గర పెద్ద దవాఖానకు ఆటోలో తీసుకుపోయాం. దారంతా ఆయన తల నా ఒళ్లో ఉంది. మావాడు డ్రైవర్ పక్కన కూర్చుని వెనక్కి తిరిగి చూడలేక, ముందుకు చూడలేక నలిగిపోయాడు. లోపలికి తీసుకువెళ్లాక ఇద్దరం వరండాలో గోడకు ఆనుకుని నిలబడ్డాం. కాసేపటికి చాయ్ ఆయన భార్య వచ్చింది. ఎవరో ఫోన్ చేసి చెప్పారట, చేతికి అంటిన పిండి కూడా కడుక్కోకుండా పరుగెత్తుకొచ్చింది. మా పక్కనే బెంచీ మీద కూర్చుంది. మేమెవరమో ఆమెకు తెలియదు.

మావాడు ఏడుపు మొదలుపెట్టాడు.

"నేనేం తప్పు చేసిన ఉస్తాద్? మీరు చెప్పినట్లనే చేసిన. హారన్ కొట్టిన. కుడికి జరిపి ఎడమకు తిప్పిన. అద్దంల మోరీ చూసుకున్న, ఎక్కడ గీసుకోలే. గాయన కనవడలేదు ఉస్తాద్, అసలుకే కనవడలేదు. కనవడనోనికి మనం జిమ్మేదార్ కాదని మీరే గదా అన్నది?"

వాడు నన్ను దెప్పిపొడవలేదు. అదే నన్ను చంపేసింది. నిజంగా అడుగుతున్నాడు. పాఠం సరిగ్గా అప్పజెప్పిన పిల్లవాడు, మార్కులెందుకు పోయాయని పంతులును అడిగినట్టు అడిగాడు. నేల చూశాను.

ఉస్తాద్ అన్న మాట వినగానే మేం ట్యాంకర్ల యార్డువాళ్లమని తెలిసిపోయిందేమో, బెంచీ మీది ఆమె మా వైపు తిరిగింది.

"గిట్ల నేర్పింది నువ్వేనా అన్నా?"

"ఔనమ్మా" అన్నాను.

ఆమె నన్ను తిట్టలేదు. "గాయన రోజు మీ యార్డుకే గదా చాయ్ తెచ్చేది. ఆడ కనవడ్డడు. చాయ్ పోస్తుంటె కనవడ్డ మనిషి రోడ్డు మీద కనవడకుంట ఎట్ల పోయిండు?"

ఎవరైనా నన్ను చెప్పుతో కొట్టి ఉంటే ఆ వరండాలో నాకు కాస్త ఊపిరి ఆడి ఉండేది.

ఆయన ప్రాణానికి ముప్పు తప్పింది. పాదం ముందు సగం తీసేయాల్సి వచ్చింది. ఆ మాట డాక్టరు చెబుతుండగానే నా ఫోన్ మోగింది. సేఠ్. నేను సంఘటన చూసిన మనిషినని తెలిసి ఆయనకు పెద్ద ధైర్యం వచ్చింది.

"ఉస్తాద్, నీ మాటకు ఇజ్జతున్నది. సైకిలాయన రాంగ్ సైడ్ల దూరిండని చెప్పు, అయిపోతది. పిల్లలున్నోడు, మన పిల్లగాడు బతుకుతడు."

"చూస్త సేఠ్" అన్నాను. అలా అనడం కూడా సిగ్గే. కాదు అని ఆ క్షణంలోనే చెప్పాల్సింది.

పోలీస్ స్టేషన్‌కు నడిచే వెళ్లాను. దారంతా లెక్కలే. నిజం చెబితే నా శిష్యుడి మీద కేసు అవుతుంది, లైసెన్సు పోతుంది, ఆ ఇద్దరు ఆడపిల్లల చదువేమవుతుంది? అబద్ధం చెబితే నా ఒళ్లో తల పెట్టుకున్న మనిషి తప్పు చేసినవాడవుతాడు. ఆ వయసులో, ఆ సగం పాదంతో, తప్పు కూడా మొయ్యాలి.

లోపల వాంగ్మూలం రాసుకునే పోలీసాయన ఎదురుగా కూర్చుని చెప్పాను. సైకిల్ ముందు నుంచే అక్కడ ఉందని, పోవాల్సిన దారిలోనే పోయిందని, మావాడు తిరిగేముందు ఎడమ పక్క చూడలేదని చెప్పాను. ఆ తర్వాత, "చూడొద్దని నేర్పింది నేనే సార్, అద్దం గట్ల వంచుమన్నది నేనే, గది గూడ రాసుకోన్రి" అన్నాను.

ఆయన కలం ఆపి నన్ను చూశాడు. "నేర్పినోని మీద ఏం రాస్తం పెద్దమనిషీ? నడిపినోని మీదనే రాస్తం."

అదీ నిజమే. చట్టంలో నాకు చోటు లేదు. బయట బెంచీ మీద మావాడు కూర్చుని ఉన్నాడు. నేను ఏం చెప్పానో తలుపులోంచి విన్నాడు. నేను పక్కన కూర్చోబోతే లేచి కిటికీ దగ్గర నిలబడ్డాడు. మళ్లీ నాతో మాట్లాడలేదు. వాడి లైసెన్సు కొన్నాళ్లు సస్పెండ్ అయింది, కేసు నడిచింది, యార్డు నుంచి సేఠ్ తీసేశాడు. నన్ను మాత్రం తీసేయలేదు. "ముసలోనికి చాదస్తం" అని ఊరుకున్నాడు. నా యాక్సిడెంటు లేని రికార్డు అలాగే ఉంది. దానంత అసహ్యమైనది నా దగ్గర ఇంకొకటి లేదు.

వారం తిరక్కుండా ఒక పొద్దున యార్డులో డ్రైవర్లందరినీ పిలిచి, అదే ట్యాంకర్‌ను మధ్యలో నిలబెట్టించాను. వాళ్లనే బండికి ఎడమ పక్కన, ముందు బంపర్‌కు ఆనుకుని, తలుపు దగ్గర నిలబెట్టాను. ఒక్కొక్కణ్ని సీటెక్కించి "ఎవరెవరు కనవడ్తున్నరో చెప్పు" అన్నాను. మొదట ఎక్కినవాడు అద్దంలోకి చూశాడు, మెడ సాచి చూశాడు. "మోరీ కనవడ్తుంది ఉస్తాద్" అన్నాడు. అక్కడ నిలబడ్డవాళ్లు ఒకళ్ల మొహం ఒకళ్లు చూసుకున్నారు. అంతమంది మగాళ్లం, బండికి చెయ్యి ఆనించి నిలబడి ఉన్నాం. ఒక్కరం కూడా లేనట్టే. ఎవరూ నవ్వలేదు.

ఆ తర్వాత నేను నేర్పిందంతా నేనే ఒక్కొక్కటిగా వెనక్కి తీసుకున్నాను. మీరు డ్రైవర్లయితే ఇదొక్కటి మాత్రం జర మనసు పెట్టి వినండి. ఎడమ అద్దం మనుషుల కోసం. దాని పైన ఇంకో గుండ్రటి అద్దం పెట్టించుకోండి, తలుపు పక్కనా బంపర్ ముందూ ఎవరున్నారో అందులో తెలుస్తుంది. సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు మీ పక్కకు ఎవరు వచ్చి చేరారో చూస్తూ ఉండండి. పచ్చలైటు పడ్డాక వెతికితే దొరకరు. ఎడమకు తిరిగేముందు లైటు వేసి, దాదాపు ఆగిపోయి, సీటులో ముందుకు వంగి చూడండి. సైకిల్‌ను దాటేటప్పుడు ఆ మనిషి పక్కకు పడ్డా మీ చక్రం తగలనంత జాగా వదలండి. అంత జాగా లేకపోతే వెనకే పొండి, లాడ్జీలో గెస్టులు స్నానం కాస్త ఆలస్యంగా చేస్తారు. హారన్ కొట్టి వాళ్లను బెదరగొట్టకండి. బెదిరిన మనిషి ఎటు పడతాడో ఎవరికీ తెలియదు. వెనకకు తీసేటప్పుడు అనుమానముంటే దిగి చూడండి, దిగడం నామోషీ కాదు.

అద్దాలకు సేఠ్ గొణుగుతూనే ఒప్పుకున్నాడు, క్లీనర్లకు ఒప్పుకోలేదు. డ్రైవర్లలో కొందరు మారారు. కొందరు నా ముందు తలూపి, గేటు దాటగానే పాత పద్ధతే. "ఉస్తాద్‌కు వయసు మీదవడ్డది" అనే మాట నా చెవిన పడింది. ఏమనను? చెడు నేర్పినప్పుడు ఎంత బాగా విన్నారో!

చాయ్ ఆయన ఇప్పుడు సైకిల్ తొక్కలేడు. ఆబిడ్స్‌లో ఒక బ్యాంకు గేటు పక్కన స్టూలు మీద కూర్చుని చాయ్ అమ్ముతాడు, భార్య సాయంగా ఉంటుంది. నేను వెళితే ఆయన ఎకసెక్కం ఆడతాడు, ఆమె ఆడదు. కప్పు నా చేతికివ్వదు, పక్కన గట్టు మీద పెడుతుంది. నేను అక్కడి నుంచే తీసుకుంటాను.

నా శిష్యుణ్ని ఆ తర్వాత ఒక్కసారే చూశాను. నేను రిటైరయ్యాక, నాంపల్లిలో రోడ్డు దాటడానికి నిలబడి ఉన్నాను. ఇంకెవరి దగ్గరో పనికి కుదిరినట్టున్నాడు, వేరే రంగు ట్యాంకర్ నడుపుతున్నాడు. ఎడమ గల్లీలోకి తిరగాలి. తిరగకుండా ఆగాడు. వెనక ఆటోలు, బస్సు ఒకటే హారన్లు. వాడు కదల్లేదు. ఖాళీ సీటు మీదికి పూర్తిగా వంగి, ఎడమ కిటికీలోంచి తల బయటపెట్టి కింద చూశాడు. పక్కనుంచి సైకిల్ మీద ఒక పెద్దాయన వెళ్లాడు. సంచులతో ఒక ముసలమ్మ దాటింది. ఆమె వెనక నేను.

నన్ను చూశాడు. గుర్తుపట్టాడని నాకు తెలుసు. నమస్తే పెట్టలేదు, మొహం తిప్పుకోలేదు. దాటే మనుషుల్లో నేనూ ఒకణ్ని అన్నట్టు, నా రెండు కాళ్లూ అవతలి గట్టెక్కేదాకా చూస్తూ ఉన్నాడు. తర్వాత మెల్లగా తిప్పుకుని వెళ్లిపోయాడు.

అలా ఆగడం వాడికి నేను నేర్పలేదు.